పెన్ టాబ్లెట్‌తో బొమ్మలు వేయడానికి క్రిటా సరిపోతుందా, జింప్ కావాలా?

మీరు అడిగినదాన్ని ముందుగా ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. రెండేళ్లుగా నెల చందా కట్టి వాడుతున్న చిత్రకళా సాఫ్ట్‌వేర్‌ను వచ్చే నెలతో మానేయాలనుకుంటున్నారు. మీ దగ్గర ఒక పెన్ టాబ్లెట్, 8 జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్ ఉన్నాయి. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి అచ్చుకు ఇవ్వాలన్నది మీ ఉద్దేశం. డబ్బు కట్టకుండా దొరికే సాఫ్ట్‌వేర్లలో ఒకరు జింప్ వాడమన్నారు, మరొకరు క్రిటా వాడమన్నారు. క్రిటాను రెండు రోజులు వాడి చూస్తే గీతలు వణికాయి, పెద్ద కాన్వాస్ మీద కంప్యూటర్ మొరాయించింది, పాత పీఎస్‌డీ (ఫొటోషాప్ పద్ధతి) ఫైళ్లు తెరిస్తే రంగులు హద్దులు దాటి కనిపించాయి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో జీతం సంపాదించే పని చేయవచ్చా అన్నది మీ అసలు సందేహం.

చేయవచ్చు. పన్నెండేళ్లుగా నేను పుస్తకాల బొమ్మలు, ముఖచిత్రాలు వీటితోనే వేస్తున్నాను. మీ పనికి క్రిటాను ప్రధాన సాధనంగా పెట్టుకోండి, జింప్‌ను పక్కన సహాయానికి ఉంచుకోండి. మీకు ఎదురైన మూడు ఇబ్బందులకూ కారణం సాఫ్ట్‌వేర్ నాణ్యత కాదు. మీరు ఇంకా తెరిచి చూడని కొన్ని అమరికల్లో వాటి పరిష్కారం ఉంది. వాటిని వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది సరిగ్గా ఈ మూడింటి దగ్గరే విసుగెత్తి వెనక్కి వెళ్లిపోవడం నేను చూశాను.

అంతకంటే ముందు ఒక మాట. మన భాషలో ఉచితం, స్వేచ్ఛ అని రెండు వేర్వేరు మాటలు ఉండటం అదృష్టం. క్రిటా, జింప్, ఇంక్‌స్కేప్ వంటివి డబ్బు కట్టకుండా దొరుకుతాయి కాబట్టి వాటిని ఉచిత సాఫ్ట్‌వేర్ అంటున్నాం గాని, వాటి అసలు గుణం స్వేచ్ఛ. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ప్రకటించినప్పటి నుంచి రూపుదిద్దుకున్న భావన ప్రకారం, ఏ పనికైనా వాడుకునే హక్కు, లోపలి కోడ్‌ను చదివి మార్చుకునే హక్కు, ఇతరులకు పంచే హక్కు, మార్చినదాన్ని కూడా పంచే హక్కు వాడుకరికి ఉంటాయి. ఏ పనికైనా అన్న మాటలో వ్యాపారం కూడా ఉంది. ఈ హక్కులిచ్చే, క్రిటాకు వర్తించే జీపీఎల్ లైసెన్స్ ఆ సాఫ్ట్‌వేర్ కోడ్‌కు మాత్రమే వర్తిస్తుంది. దానితో మీరు వేసిన బొమ్మ పూర్తిగా మీదే, దాన్ని అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. జాగ్రత్త పడవలసినది బయటి నుంచి తెచ్చుకునే బ్రష్‌ల కట్టల విషయంలో మాత్రమే. వాటిని తయారుచేసినవారు తమ సొంత షరతులు పెట్టి ఉండవచ్చు కాబట్టి, దించుకునేటప్పుడే ఆ షరతులు చదవండి.

ఈ స్వేచ్ఛ చిత్రకారుడికి ఎందుకు ముఖ్యమో నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల కిందట నేను వాడిన ఒక సాఫ్ట్‌వేర్ తన సొంత పద్ధతిలో మాత్రమే ఫైళ్లను దాచేది. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్ మీద నడవడం మానేసిన రోజున, లేయర్లతో (బొమ్మలో ఒకదానిపై ఒకటిగా ఉండే పొరలతో) సహా నేను దాచుకున్న నాలుగేళ్ల పని నా కళ్ల ముందే ఉండి కూడా నాకు అందకుండా పోయింది. క్రిటా వాడే కేఆర్‌ఏ ఫైలు అలాంటిది కాదు. అది నిజానికి ఒక జిప్ మూట. ఫైలు పేరు చివర కేఆర్‌ఏ తీసేసి జిప్ అని పెట్టి విప్పితే, అన్ని లేయర్లూ కలిసిన పూర్తి బొమ్మ మామూలు పీఎన్‌జీ రూపంలో లోపల కనిపిస్తుంది. క్రిటా అనే పేరు లోకంలో లేకుండా పోయినా ఆ బొమ్మ మీకు దొరుకుతుంది. 2006 నుంచి రూపొందుతూ వచ్చిన ఓపెన్‌రాస్టర్ అనే మరో పద్ధతిలో లేయర్లు కూడా విడివిడి పీఎన్‌జీలుగానే ఉంటాయి. దాన్ని క్రిటా, జింప్, మైపెయింట్ అనే మరో బొమ్మల సాఫ్ట్‌వేర్ మూడూ చదవగలవు, రాయగలవు. పూర్తయిన ప్రతి ముఖ్యమైన బొమ్మకూ నేను కేఆర్‌ఏతో పాటు ఒక ఓపెన్‌రాస్టర్ ప్రతిని కూడా దాచుకుంటాను.

ఇక జింప్ సంగతి. జింప్ 1995లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థుల చేతుల్లో మొదలైంది. మొదటి నుంచీ అది ఫొటోలను, సిద్ధంగా ఉన్న చిత్రాలను సరిదిద్దడానికి పుట్టిన సాధనం. క్రిటా పుట్టుక కూడా అక్కడికి దగ్గరలోనే ఉంది: కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందంలో 1999లో కేఇమేజ్‌షాప్ అనే పేరుతో మొదలై, క్రేయాన్ అనే పేరు మీదుగా, 2002లో క్రిటాగా మారింది. స్వీడిష్ భాషలో ఆ మాటకు సుద్ద, రంగుసుద్ద అని అర్థం. అయితే మొదటి పదేళ్లూ అదీ అన్ని పనులూ చేయాలని చూసిన సాధనమే. 2009 ప్రాంతంలో అభివృద్ధి చేసేవారు ఫొటోల పనిని పక్కనపెట్టి, ఖాళీ కాన్వాస్ మీద బొమ్మ వేసేవారి కోసమే పని చేయాలని నిర్ణయించుకున్నారు. ఇవాళ మనం చూస్తున్న క్రిటా ఆ నిర్ణయం ఫలితం. కాన్వాస్‌ను మీటలతో తిప్పడం, పెన్ను పక్కనే రంగుల చక్రం తెరుచుకోవడం, రబ్బరు అనేది వేరే పనిముట్టు కాకుండా ప్రతి బ్రష్‌కూ ఒక స్థితిగా ఉండటం వంటివన్నీ బొమ్మలు వేసే చెయ్యి అడిగినందువల్ల వచ్చినవి.

అందుచేత కాగితం మీద పెన్సిల్‌తో వేసిన చిత్తు బొమ్మను స్కాన్ చేసి మరకలు తీసేయడానికి, వెలుగునీడల స్థాయిలు సరిచేయడానికి, ఆధారంగా పెట్టుకునే ఫొటోలను కత్తిరించడానికి జింప్ వాడండి. 2025లో వచ్చిన 3.0 సంచికతో వేసిన ఫిల్టర్లను తరువాత కూడా మార్చుకునే వీలు దానిలోకి వచ్చింది, అది పెద్ద మెరుగుదల. కాని రోజంతా కూర్చుని రంగులు వేయడానికి జింప్‌ను నేను సలహా ఇవ్వను. వేయలేమని కాదు, చేతికి అడుగడుగునా చిన్న చిన్న అడ్డంకులు తగులుతాయి.

మొదటి ఇబ్బంది, గీత వణకడం. దీనికి కనీసం నాలుగు కారణాలు ఉండవచ్చు, వాటిని ఒకదాని తరువాత ఒకటి తోసిపుచ్చుకుంటూ రావాలి. అన్నిటికంటే ముందు డ్రైవర్, అంటే టాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్, చూడండి. గతంలో వేరే కంపెనీ టాబ్లెట్ వాడి ఉంటే దాని డ్రైవర్ అవశేషాలు కంప్యూటర్‌లో మిగిలి కొత్తదానితో కొట్లాడుతుంటాయి. రెండింటినీ పూర్తిగా తొలగించి, కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టి, ఇప్పుడు వాడుతున్నదాని డ్రైవర్ ఒక్కటే తిరిగి వేసుకోండి. విండోస్‌లో పెన్ను సమాచారం సాఫ్ట్‌వేర్‌కు చేరడానికి రెండు దారులు ఉన్నాయి: పాతదైన విన్‌టాబ్, కొత్తదైన విండోస్ ఇంక్. క్రిటా అమరికల్లో టాబ్లెట్ అనే విభాగంలో ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. ఒత్తిడి అసలు పనిచేయకపోయినా, గీత మొదట్లో చిన్న అడ్డగీత వచ్చినా, పెన్ను పెట్టిన వెంటనే గీత పడకుండా ఒక వలయం కనిపించినా, ఇక్కడ దారి మార్చి క్రిటాను మూసి తెరవండి. అదే విభాగంలో టాబ్లెట్‌ను పరీక్షించే చిన్న కిటికీ కూడా ఉంది. అక్కడ గీసినప్పుడు ఒత్తిడి అంకెలు సాఫీగా పెరిగి తగ్గుతుంటే డ్రైవర్ సరిగానే ఉన్నట్టు. లినక్స్ వాడేవారికి వాకమ్ టాబ్లెట్ల మద్దతు దాని మూల భాగమైన కెర్నెల్‌లోనే ఉంటుంది. ఇతర కంపెనీలవాటికి ఓపెన్‌టాబ్లెట్‌డ్రైవర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చాలా మోడళ్లను నడిపిస్తుంది.

రెండో కారణం టాబ్లెట్ కొలతలు. మీ టాబ్లెట్ మీద గీసే స్థలం ఒక నిష్పత్తిలో, తెర మరో నిష్పత్తిలో ఉంటే, మీరు గుండ్రంగా గీసినది తెర మీద కోడిగుడ్డులా సాగుతుంది. చెయ్యి తెలియకుండానే దాన్ని సరిదిద్దబోయి తడబడుతుంది. డ్రైవర్ అమరికల్లో నిష్పత్తిని తెరతో సమానం చేసే ఎంపిక ఉంటుంది, టాబ్లెట్‌లో కొంత స్థలం వృథా అయినా సరే దాన్ని పెట్టుకోండి.

మూడో కారణం చాలామంది ఊహించనిది, కాన్వాస్‌ను ఎంత దూరం నుంచి చూస్తూ గీస్తున్నామన్నది. బొమ్మను 25 శాతం పరిమాణంలో చూస్తూ గీస్తే, తెర మీది ఒక చుక్క కాన్వాస్‌లో నాలుగు పిక్సెళ్ల వెడల్పుకు సమానం. మీ చేతిలోని చిన్న అదురు నాలుగింతలై కాన్వాస్ మీద పడుతుంది, తరువాత దగ్గరికి వెళ్లి చూసినప్పుడు గీత అంతా ముళ్లులా కనిపిస్తుంది. ముగింపు గీతలు వేసేటప్పుడు కనీసం సగం పరిమాణానికి దగ్గరగా వెళ్లి, అంకెల వరుసలోని 4, 6 మీటలతో కాన్వాస్‌ను మీ మణికట్టు సహజంగా తిరిగే దిక్కుకు తిప్పుకుని గీయండి. 5 నొక్కితే కాన్వాస్ మళ్లీ నిటారుగా వస్తుంది.

ఈ మూడూ సరిచూసిన తరువాతే నాలుగోదైన సాఫీ చేసే అమరిక దగ్గరికి రండి. బ్రష్ పనిముట్టును ఎంచుకున్నప్పుడు దాని ఎంపికల కిటికీలో సాఫీతనానికి ఈ స్థాయిలు కనిపిస్తాయి: ఏమీ లేకపోవడం, ప్రాథమికం, బరువు ఇచ్చి సరిచేయడం, స్టెబిలైజర్. చివరిది గీతను వెనక నుంచి తాడు కట్టి లాగినట్టు నెమ్మదిగా నడిపిస్తుంది, పొడవైన వంపు గీతలకు అది చాలా బాగుంటుంది. కాని దాన్ని ఎప్పుడూ పెట్టుకుని ఉంచవద్దని నా గట్టి అభిప్రాయం. చిత్తు బొమ్మలోని చురుకుదనాన్ని అది చంపేస్తుంది. చిత్తు గీతలకు ప్రాథమికం, సిరా గీతలకు స్టెబిలైజర్ అని రెండు అలవాట్లు చేసుకోండి. ఒత్తిడి వక్రరేఖను కూడా ఒకసారి సరిచూడండి. పెన్నును గట్టిగా నొక్కే అలవాటు ఉన్నవారు ఆ రేఖను మెత్తబరిస్తే సాయంత్రానికి వేళ్ల నొప్పి తగ్గుతుంది. టాబ్లెట్ అమ్మేవారు 8,192 ఒత్తిడి స్థాయిలని గొప్పగా చెబుతారు గాని, 2,048 స్థాయిల దానితో గీసిన గీతకూ దీనికీ తేడాను నా చెయ్యి ఎన్నడూ గుర్తించలేదు. కొత్త టాబ్లెట్ కొనాలన్న ఆలోచన ఉంటే మానుకోండి.

రెండో ఇబ్బంది, కంప్యూటర్ మొరాయించడం. దీనికి చిన్న లెక్క చాలు. ఏ4 పుటను అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున తెరిస్తే 2,480 వెడల్పు, 3,508 ఎత్తు వస్తుంది. అంటే సుమారు 87 లక్షల పిక్సెళ్లు. 8 బిట్ల రంగులో ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్లు కాబట్టి, పూర్తిగా నిండిన ఒక లేయర్ సుమారు 35 మెగాబైట్లు తీసుకుంటుంది. అలాంటివి 30 లేయర్లు ఉంటే ఒక గిగాబైట్ దాటుతుంది, 8 జీబీ కంప్యూటర్‌కు అది భారం కాదు. మీరు ప్రయత్నించినది ఏ3 పుట, అంగుళానికి 600 పిక్సెళ్లు అని రాశారు. అది 7,016 బై 9,921, అంటే ఒక లేయర్‌కే దాదాపు 278 మెగాబైట్లు, 30 లేయర్లకు 8 గిగాబైట్లకు పైన. చేసిన పనిని వెనక్కి తీసుకోవడానికి దాచుకునే చరిత్ర దీనికి అదనం. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఆ కంప్యూటర్ మొరాయించక తప్పదు. రంగుల బొమ్మల అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు సరిపోతాయి. అంతకు మించిన సాంద్రత నలుపు తెలుపు గీతల బొమ్మలకు మాత్రమే ఉపయోగపడుతుంది. క్రిటా కాన్వాస్‌ను 64 బై 64 పిక్సెళ్ల పలకలుగా విడగొట్టి దాచుతుంది కాబట్టి, ఒక మూల చిన్న పక్షి మాత్రమే ఉన్న లేయర్ నిండు లేయర్ అంత చోటు తినదు. అందువల్ల లేయర్ల సంఖ్యను చూసి భయపడకుండా కాన్వాస్ కొలతలను అదుపులో పెట్టుకోండి.

పెద్ద బ్రష్ వాడినప్పుడు పెన్ను ముందుకు వెళ్లి రంగు వెనక ఈడుస్తుంటే, తక్షణ ప్రివ్యూ అనే సదుపాయం ఆన్‌లో ఉందో లేదో చూడండి. షిఫ్ట్, ఎల్ మీటలు కలిపి నొక్కితే అది మారుతుంది. మీరు గీసినదాన్ని క్రిటా ముందు చిన్న ప్రతి మీద వేగంగా చూపించి, అసలు కాన్వాస్ మీద వెనక నుంచి వేసుకుంటూ వస్తుంది.

మూడో ఇబ్బంది, పాత పీఎస్‌డీలో రంగులు హద్దులు దాటడం. మీరు వాడిన సాఫ్ట్‌వేర్‌లో ముఖం లేయర్ మీద నీడ లేయర్‌ను క్లిప్ చేస్తే, నీడ ముఖం దాటి బయటికి పోదు. క్రిటాలో ఈ పనిని ఆల్ఫా ఇన్‌హెరిటెన్స్ చేస్తుంది, లేయర్ల జాబితాలో ప్రతి పేరు పక్కన ఉండే ఆల్ఫా గుర్తు అదే. అయితే దాని తర్కం వేరు. అది కింద ఉన్న ఒక్క లేయర్‌ను చూడదు, అదే గుంపులో కింద ఉన్న అన్ని లేయర్లూ కలిసి ఎంత మేర నిండి ఉన్నాయో చూస్తుంది. అన్నిటికంటే కింద తెల్లని నేపథ్యం ఉంటే, కాన్వాస్ అంతా నిండి ఉన్నట్టే కాబట్టి నీడ ఎక్కడా ఆగదు. పరిష్కారం ఏమిటంటే, ముఖం లేయర్‌ను ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, జీ మీటలు కలిపి నొక్కండి. క్రిటా ఆ లేయర్‌ను ఒక గుంపులో పెట్టి, పైన ఆల్ఫా గుర్తు వెలిగిన కొత్త లేయర్‌ను తానే సృష్టిస్తుంది. ఇది అలవాటైన తరువాత పాత పద్ధతి కంటే దీనిలోనే సౌకర్యం ఎక్కువని నాకు అనిపించింది, ఎందుకంటే ముఖం, చెవులు, మెడ మూడు లేయర్లుగా ఉన్నా ఒకే నీడ లేయర్ మూడింటి హద్దులోనూ ఆగుతుంది.

ఇబ్బందుల సంగతి ఇంతటితో సరి. బ్రష్‌ల గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే క్రిటా ప్రాణం అక్కడే ఉంది. దానిలో బ్రష్ అంటే ఒక ముద్ర కాదు, దాని వెనక ఒక యంత్రం ఉంటుంది. పిక్సెల్ యంత్రం మామూలు పెన్సిల్, సిరా, గాలిబ్రష్‌లను నడుపుతుంది. రంగులు కలిపే స్మడ్జ్ యంత్రం కాన్వాస్ మీద ఉన్న రంగును తనతో ఈడ్చుకుంటూ పోయి తైలవర్ణం లాంటి ఒరవడి ఇస్తుంది. 2021 డిసెంబర్‌లో వచ్చిన 5.0 సంచికలో దీన్ని తిరగరాశారు. కుంచె వెంట్రుకలను ఒక్కొక్కటిగా లెక్కగట్టే యంత్రం ఒకటి, దగ్గరలోని గీతలను సన్నని దారాలతో కలిపే స్కెచ్ యంత్రం ఒకటి, చుక్కలు చల్లేది ఒకటి, ఇలా పన్నెండుకు పైగా ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ పెన్ను ఒత్తిడి, వంపు, వేగం, దిక్కు ఏ గుణాన్ని ఎంత మార్చాలో వక్రరేఖలతో చెప్పవచ్చు. ఈ సంపదే కొత్తవారికి ఉచ్చు కూడా అవుతుంది. వారాల తరబడి బ్రష్‌లు వెతుకుతూ, సరిచేస్తూ గడిపి ఒక్క బొమ్మా పూర్తి చేయని వారు నాకు తెలుసు. మొదటి రెండు నెలలు ఐదు బ్రష్‌లు చాలు: ఒక పెన్సిల్, ఒక సిరా పెన్ను, అంచు గట్టిగా ఉన్న ఒక రంగు బ్రష్, ఒక స్మడ్జ్ బ్రష్, ఒక పెద్ద మెత్తని బ్రష్. వాటికి ఇష్టమైనవి అని ట్యాగ్ పెట్టుకుంటే, పెన్ను పక్క మీట నొక్కగానే ఆ ఐదూ, వాటి మధ్యలో రంగుల చక్రమూ వేలి దగ్గరికి వస్తాయి.

చేతికి అలవాటు చేసుకోవలసిన మీటలు కూడా కొన్నే. ఈ (E) మీట నొక్కితే ప్రస్తుత బ్రషే రబ్బరవుతుంది, కాబట్టి చెరిపిన చోట కూడా ఆ బ్రష్ స్వభావమే మిగులుతుంది. కంట్రోల్ పట్టుకుని తాకితే అక్కడి రంగు బ్రష్‌లోకి వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని పక్కకు లాగితే బ్రష్ పరిమాణం మారుతుంది. ఎం నొక్కితే అద్దంలో చూసినట్టు బొమ్మ తిరగబడుతుంది, ముఖాల్లోని వంకరలు పట్టుకోవడానికి దీనికి మించిన మందు లేదు. డబ్ల్యూ నొక్కితే కాన్వాస్ అంచులు ఒకదానితో ఒకటి కలిసి, పుస్తకం అట్ట లోపలి కాగితాలకు పనికివచ్చే అతుకు కనపడని నమూనాలు వేయవచ్చు. గీతల బొమ్మకు చప్పున చదును రంగులు నింపే కలరైజ్ మాస్క్ 2018లో 4.0 సంచికతో వచ్చింది. ఒక్కో భాగంలో రంగు గీత ఒకటి గీస్తే, గీతల మధ్య చిన్న సందులు ఉన్నా అది హద్దును పోల్చుకుని నింపుతుంది. పిల్లల పుస్తకాల పనిలో నాకు ఎక్కువ సమయం మిగిల్చింది ఇదే.

అచ్చు విషయంలో, బొమ్మను నేరుగా సీఎంవైకేలో, అంటే అచ్చు సిరాల నాలుగు రంగుల పద్ధతిలో, వేయవలసిన పని లేదు. క్రిటా దాన్ని చేయగలదు, కాని లేయర్ల రంగులను కలిపే చాలా బ్లెండింగ్ పద్ధతులు అక్కడ వేరే తీరుగా ప్రవర్తిస్తాయి. తెర రంగుల పద్ధతి అయిన ఎస్‌ఆర్‌జీబీలో వేయండి; అచ్చు వేసేవారిని వారి ఐసీసీ ప్రొఫైల్ (వారి అచ్చు రంగుల వివరాలు ఉండే ఫైలు) అడిగి తీసుకుని, బొమ్మ గుణాల్లో సాఫ్ట్ ప్రూఫింగ్ కింద పెట్టండి. తరువాత కంట్రోల్, వై నొక్కితే కాగితం మీద బొమ్మ ఎలా ఉండబోతోందో తెర మీదే కనిపిస్తుంది. షిఫ్ట్ కూడా కలిపితే సిరాలు అందుకోలేని రంగులను గుర్తించి చూపుతుంది. మెరిసే నీలిఊదా, లేత ఆకుపచ్చ రంగులు అక్కడ చప్పబడటం చూసి బాధ కలుగుతుంది గాని, ఆ బాధ పుస్తకం చేతికి వచ్చాక కంటే ముందే కలగడం మేలు. విశాలమైన ఆకాశాలు, సంధ్యాకాంతులు ఉన్న బొమ్మలను మాత్రం 16 బిట్ల రంగులో మొదలుపెట్టండి. 8 బిట్లలో ఒక్కో వర్ణానికి 256 మెట్లే ఉంటాయి కాబట్టి నెమ్మదిగా మారే రంగులో పట్టీలు తేలుతాయి. 16 బిట్లలో 65,536 మెట్లు ఉంటాయి. మెమరీ రెట్టింపు అవుతుందని పై లెక్కలో కలుపుకోండి.

క్రిటాలో నాకు తృప్తి లేని విషయం అక్షరాల పనిముట్టు. 2023లో వచ్చిన 5.2 సంచికలో దాని లోపలి యంత్రాన్ని కొత్తగా కట్టారు, అయినా అక్షరాలను తీరుగా పేర్చే పనిని నేను ఇప్పటికీ దానికి అప్పగించను. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడాలంటే గీతల బొమ్మల సాఫ్ట్‌వేర్ అయిన ఇంక్‌స్కేప్‌లో శీర్షిక రాసి బొమ్మతో కలుపుతాను. పుటలు పేర్చి, అచ్చుకు పీడీఎఫ్ తీయడానికి స్క్రైబస్ ఉంది. నల్లని అక్షరాలు నల్ల సిరా ఒక్కదానితోనే పడేలా అక్కడ చూసుకోవచ్చు.

మైపెయింట్ గురించి మీరు అడగలేదు, అయినా ఒకసారి తెరిచి చూడండి. దాని కాన్వాస్‌కు అంచులు లేవు, ఎటు గీసుకుంటూ పోయినా అది సాగుతుంది. 2020లో వచ్చిన 2.0 సంచికలో రంగులను కాంతి వర్ణపటంగా లెక్కగట్టి కలిపే పద్ధతి చేర్చారు. మామూలుగా తెర మీద పసుపు, నీలం కలిపితే బూడిద రంగు వైపు పోతుంది, ఇక్కడ నిజమైన రంగుల్లాగా ఆకుపచ్చ అవుతుంది. దాని బ్రష్ యంత్రాన్ని జింప్ 2018లోనూ, క్రిటా 2021లోనూ తమలో కలుపుకున్నాయి. ఒకరు రాసినది మరొకరు వాడుకునే హక్కు ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. కదిలే బొమ్మల వైపు ఆసక్తి కలిగితే క్రిటాలోనే ఒక్కో చట్రం గీసే వీలుంది, అంతకు మించి కావాలంటే ఓపెన్‌టూంజ్, బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్ ఉన్నాయి. మీ పనికి ప్రస్తుతం అవి అక్కరలేదు.

చెయ్యి తిరిగినవారు క్రిటాలో లేయర్లు ఎలా పేర్చుకుంటారో చూడాలంటే, ఫ్రాన్స్‌కు చెందిన డేవిడ్ రెవోయ్ 2014 నుంచి వేస్తున్న వెబ్ కామిక్ మూల ఫైళ్లు దించుకోండి. ఎవరైనా వాడుకోవచ్చన్న లైసెన్స్‌తో ఆయన వాటిని లేయర్లతో సహా ఉంచారు. ఒక పుట తెరిచి, లేయర్లను పైనుంచి ఒక్కొక్కటిగా ఆపుకుంటూ వెళ్లండి. ఏ పాఠం కంటే అది నాకు ఎక్కువ నేర్పింది. క్రిటా తన అధికారిక వెబ్‌సైట్‌లో డబ్బు లేకుండా దొరుకుతుంది. స్టీమ్, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లలో అదే సాఫ్ట్‌వేర్‌కు ధర ఉంటుంది, ఆ డబ్బు అభివృద్ధికే వెళుతుంది. మొదటి పారితోషికం అందిన తరువాత మీరు కట్టే చందాలో ఒక నెల భాగమైనా అటు పంపండి, అది రాసేవారి జీతాలు వాడుకరుల విరాళాల మీద కూడా ఆధారపడి ఉన్నాయి.

చివరగా, ఆలస్యం చేయకూడని పని ఒకటి ఉంది. మీ చందా ఇంకా నడుస్తున్న ఈ నెలలోనే పాత ఫైళ్లన్నిటినీ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటిగా తెరవండి. అక్షరాల లేయర్లను పిక్సెళ్లుగా మార్చండి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌లను (మరో బొమ్మను లోపల దాచుకున్న లేయర్లను) మామూలు లేయర్లుగా చేయండి, రంగు సవరణ లేయర్లను కింది లేయర్లలో కలిపేయండి, ఎందుకంటే ఈ మూడూ మరో సాఫ్ట్‌వేర్‌లో అలాగే తెరుచుకుంటాయని నమ్మలేం. తరువాత పీఎస్‌డీగా ఒకటి, పక్కన పూర్తి బొమ్మ పీఎన్‌జీగా ఒకటి దాచండి. బ్రష్‌ల ఏబీఆర్ ఫైళ్లు కూడా ఎగుమతి చేసుకోండి. క్రిటా వాటి ముద్రలను తీసుకుంటుంది, ఒత్తిడి అమరికలను మాత్రం తీసుకోదు, వాటిని మీరు మళ్లీ కట్టుకోవాలి. ఆపైన ప్రతి పీఎస్‌డీని క్రిటాలో తెరిచి, ఆ పీఎన్‌జీని పక్కన పెట్టుకుని పోల్చండి. తేడా కనిపిస్తే మూల సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్లి సరిచేసే అవకాశం ఇంకా మీ చేతిలో ఉంటుంది. పోల్చి సరిచూసినదాన్ని కేఆర్‌ఏగా దాచి, ఆ ఫైళ్లన్నిటి నకలును వేరే డిస్కు మీద పెట్టిన తరువాతే చందా రద్దు చేయండి.